ఎంజీబీ ప్రాజెక్టు డైరీ: ముందు బాడీ, ఆ తర్వాతే ఇంజను

1వ వారం: ఏ మోడలు, ఏ సంవత్సరం

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఒకటి కొని, విప్పి బాగుచేయాలనుకున్నాం. ఎంపిక రెండు కార్ల మధ్యకి వచ్చింది: ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఎంజీబీ రోడ్‌స్టర్. స్పిట్‌ఫైర్‌ది విడి చాసీ, హెరాల్డ్ చాసీ నుంచి పుట్టింది. బానెట్టు ముందు రెక్కలతో (చక్రాల మీది మడ్‌గార్డు రేకులతో) సహా ఒకే ముక్కగా ముందుకి లేస్తుంది కాబట్టి టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మీద చెయ్యి తిరిగినవాళ్లకి అందులో కొత్తేమీ కనిపించదు. తేలికైన ప్రాజెక్టు కావాలంటే అదే మంచిది.

అయినా ఎంజీబీ వైపే మొగ్గాం. మొదటి కారణం స్పేర్ పార్టులు. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన కారు ఇది. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత డైలతోనే (రేకు అచ్చులతోనే) కొత్త బాడీ షెల్లులు కొడుతోంది. సిల్లు (తలుపు కింది రేకు పెట్టె), ఫ్లోరు, రెక్క అడుగు ముక్క, ఏది కావాలన్నా విడిగా దొరుకుతుంది.

రెండో కారణం ఇంజను. ఎంజీబీలో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ-సిరీస్. మన అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజను దీనికి స్వయానా అన్న. 1489 సీసీకి బోరు (సిలిండరు వెడల్పు) 73.025 మి.మీ., స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 88.9 మి.మీ. ఎంజీబీకి స్ట్రోకు అలాగే ఉంచి బోరు 80.26కి పెంచారు, 1798 సీసీ అయింది. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఒకే పక్క, వాటి కింద ట్యాపెట్ కవర్లు, పైన రాకర్ షాఫ్టు, పుష్ రాడ్లు. అంబాసిడర్ హెడ్డు దించిన మెకానిక్కు బర్మింగ్‌హామ్‌లో ఎంజీబీ బానెట్టు ఎత్తితే తెలిసినవాళ్ల ఇంటికి వచ్చినట్టే ఉంటుంది.

కొనేముందు సంవత్సరాల తేడా తెలుసుకోవాలి, ఎందుకంటే పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. 1962 నుంచి 1964 అక్టోబరు దాకా వచ్చినవి మూడు మెయిన్ బేరింగుల (క్రాంకు షాఫ్టుని మోసేవి) ఇంజన్లు, కోడ్లు 18జీ, 18జీఏ. అప్పట్నించి అయిదు మెయిన్ బేరింగులు, మొదటిది 18జీబీ. 1967 చివర్లో మార్క్ 2 వచ్చింది: ఫస్టు గేరుకీ సింక్రో (గేరు మోత లేకుండా పడే ఏర్పాటు), రోడ్‌స్టర్‌కి కూడా సాలిస్‌బరీ యాక్సిలు, డైనమో బదులు ఆల్టర్నేటరు, పాజిటివ్ ఎర్తు (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలపడం) బదులు నెగెటివ్ ఎర్తు. 1974 సెప్టెంబరు నుంచి నల్ల రబ్బరు బంపర్లు, అమెరికా నిబంధనల కోసం కారు ఎత్తు అంగుళానికి పైగా పెంచారు. మలుపుల్లో ఆ ఎత్తు తెలుస్తుంది. రబ్బరు బంపరు కార్లు చవగ్గా దొరకడానికి అదో కారణం.

మా కోరిక: క్రోము బంపరు, అయిదు బేరింగులు, ఓవర్‌డ్రైవు (పై గేర్లలో ఇంజను వేగం తగ్గించే అదనపు గేరు).

2వ వారం: మూడు కార్లు చూశాం

చూడటానికి పట్టుకెళ్లినవి: పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం, టార్చి, స్క్రూడ్రైవరు, ట్రాలీ జాకీ, ఫీలర్ గేజి (సందులు కొలిచే పల్చటి రేకులు). ఇంజను స్టార్టు చేయమని మొదట అడగలేదు. ఎంజీబీ మోనోకాక్ బాడీ, విడి చాసీ లేదు. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో కారు నడుము వంగకుండా ఆపేవి ప్రధానంగా రెండు పక్కలా తలుపుల కింద ఉన్న సిల్లులే. ఇంజను బోరుకొస్తే లేత్ షాపుకి పంపితే సరిపోతుంది. సిల్లులు పోతే కారు మధ్యలో కుంగుతుంది, తలుపు పట్టదు. అక్కణ్నుంచి ప్రతి కొలతా తప్పుతుంది.

మొదటిది 1963 రోడ్‌స్టర్, మూడు బేరింగుల ఇంజను, చక్కగా నడుస్తోంది. సిల్లులు కొత్తవి అని అమ్మేవాళ్లు చెప్పారు. అయస్కాంతం సిల్లు మీద పట్టింది, కింద అంచు దగ్గర వదిలేసింది, అంటే అక్కడ పుట్టీ. ముందు రెక్క అడుగు, సిల్లు కలిసేచోట కనబడాల్సిన జాయింటు గీత అసలు లేదు. పాత సిల్లు మీద ఇంకో రేకు తొడిగి, అంచుల్లో వెల్డు చేసి, పుట్టీతో సాపు చేశారు. ఇలాంటి తొడుగు చూపుకే. లోపల తుప్పు దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది, పైగా తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. జాకీ పాయింటు దగ్గర ఎత్తాం. చక్రం నేల వదిలేసరికి తలుపు వెనక అంచు లాచ్ దగ్గర రాసుకుంది. అక్కడితో వద్దనుకున్నాం.

రెండోది 1976 జీటీ, రబ్బరు బంపరు, 18వీ ఇంజను (తర్వాతి కాలం బీ-సిరీస్), గట్టి బాడీ. పైకప్పు ఉన్న జీటీ షెల్లు బిగువు రోడ్‌స్టర్ కంటే చాలా ఎక్కువ, రోజూ నడుపుకోవాలనేవాళ్లకి నిజంగా మంచి కారు. మాకు కావాల్సింది రోడ్‌స్టర్.

మూడోది 1966 రోడ్‌స్టర్, చాసీ నంబరు జీహెచ్ఎన్3తో మొదలవుతుంది. ఇంజను నంబరు పట్టీ బ్లాకు కుడిపక్క ఉంటుంది, అందులో 18జీబీ, చివర హెచ్. హెచ్ అంటే హై కంప్రెషను, 8.8:1. ఎల్ ఉంటే 8:1. డైనమో, పాజిటివ్ ఎర్తు, సీట్ల వెనక ఫ్లోరు కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో. ఓవర్‌డ్రైవు ఉంది. ఇంజను స్టార్టయింది, వేడెక్కాక ఐడిల్‌లో ఆయిలు ప్రెషరు 5 పీఎస్ఐ, 3000 ఆర్‌పీఎం దగ్గర 28. మంచి ఇంజనుకి ఐడిల్‌లో 10 నుంచి 25, పరుగులో 50 నుంచి 80 ఉండాలి. సైలెన్సరు నుంచి నీలి పొగ. ఇంజను అయిపోయినట్టే.

కానీ బాడీ! జాయింటు గీతలు ఎక్కడివక్కడ ఉన్నాయి. జాకీ ఎత్తినా తలుపు హాయిగా మూసుకుంది. తుప్పు ఉంది, దాచలేదు: రెండు సిల్లుల కింద అంచు, డ్రైవరు వైపు కాజిల్ రెయిలు (సిల్లు అడుగున ఉండే రేకు), ఎడమ బ్యాటరీ పెట్టె. వెనక లీఫ్ స్ప్రింగు ముందు కొస తగులుకునే చోటు గట్టిగా ఉంది, స్క్రూడ్రైవరుతో పొడిచినా దిగలేదు. తలుపు చర్మం మీద క్వార్టర్ లైటు (తలుపు ముందు మూల చిన్న అద్దం) కింద చిన్న పగులు. ఎంజీబీలకి అది పుట్టుమచ్చ లాంటిది.

చచ్చిన ఇంజను బేరంలో మాకే కలిసొచ్చింది. ఈ కారే తీసుకున్నాం. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత ఉత్పత్తి రికార్డుల నుంచి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. తయారైన తేదీ, అసలు రంగు, అసలు ఇంజను నంబరు అందులో ఉంటాయి. తెప్పించాం. ఇంజను నంబరు సరిపోయింది.

3వ వారం: ఏ ఇంజను

నాలుగు దారులు బల్ల మీద పెట్టాం.

మారిస్ మెరీనా 1.8 ఇంజను కూడా అయిదు బేరింగుల బీ-సిరీసే, చవక. కానీ దానిలోదీ యాభై ఏళ్ల నాటి ఇనుమే, తెరిస్తే అదే రీబోరు, అదే క్రాంకు గ్రైండింగు. ఖర్చు రెండుసార్లు పెట్టినట్టవుతుంది.

ఎంజీబీ నుంచే తీసిన 18వీ. హెడ్డులో ఇన్‌లెట్ వాల్వులు పెద్దవి (1.625 అంగుళాలు, పాతవి 1.565), గాలి ఎక్కువ పీలుస్తుంది. అయితే ఆ హెడ్డులో వాల్వు సీట్ల మధ్య ఇనుము తక్కువ మిగులుతుంది, పగుళ్లు తొందరగా వస్తాయి. గేర్‌బాక్సు సంగతి కూడా మరవకూడదు. మూడు బేరింగుల కాలం, 1967 ముందు, ఆ తర్వాత, ఈ మూడింటికీ ఫ్లైవీలు, బ్యాక్ ప్లేటు, గేర్‌బాక్సు ముందు షాఫ్టు కొస కూర్చునే బుష్షు అన్నీ ఒకటి కావు. ఇంజను వేరే కాలంది తెస్తే గేర్‌బాక్సుతో జతగానే తేవాలి. విడిగా తెచ్చి ఎక్కించేటప్పుడు షాఫ్టు దూరక తలపట్టుకున్న ప్రాజెక్టులు చాలా ఉన్నాయి.

రోవర్ వీ8 (ఎనిమిది సిలిండర్లు), 3528 సీసీ. అబింగ్డనే 1973–76 మధ్య దీంతో 2,591 జీటీలు కట్టింది. మొత్తం అల్యూమినియం, ఇనప బీ-సిరీస్ కంటే బరువేమీ ఎక్కువ కాదు. రబ్బరు బంపరు షెల్లుల ఇంజను గదిలో దానికి చోటుంది. 1966 షెల్లులో లోపలి రెక్కలు కోయాలి, స్టీరింగు షాఫ్టు మార్చాలి, 3.909 యాక్సిలు నిష్పత్తి కూడా మార్చాలి. బ్రిటన్ రూల్సు కూడా చూసుకోవాలి. 40 ఏళ్లు దాటిన కార్లకి 2018 మే నుంచి ఏటా చేయించే ఎంఓటీ ఫిట్‌నెస్ తనిఖీ అక్కర్లేదు, కానీ కారు పెద్దగా మార్చి ఉండకూడదు. సిలిండర్ల సంఖ్య మారితే పెద్ద మార్పు కింద పడే అవకాశమే ఎక్కువ. వీ8 శబ్దం మీద మోజు ఉన్నవాళ్లు రబ్బరు బంపరు షెల్లుతో మొదలుపెట్టడం మేలు.

నాలుగోది, ఉన్న 18జీబీనే కట్టడం. బ్లాకు పగల్లేదు, క్రాంకు అసలుది, నంబరు సర్టిఫికెట్‌తో సరిపోతోంది, గేర్‌బాక్సు దాని జతే. ఇదే ఖాయం చేశాం.

4వ వారం: ఇంజను దించటం

ఎంజీబీలో క్లచ్చు మార్చాలన్నా ఇంజను దించాల్సిందే, అందుకే గేర్‌బాక్సుతో కలిపే దించాం. బానెట్టు, రేడియేటరు, దాన్ని పట్టుకునే రేకు, కార్బురేటర్లు, ప్రొపెల్లర్ షాఫ్టు, గేర్‌బాక్సు క్రాస్ మెంబరు తీశాం. క్లచ్చు స్లేవ్ సిలిండరు గొట్టం విప్పకుండా పక్కకి కట్టేస్తే మళ్లీ గాలి తీసే పని ఉండదు. గేర్‌బాక్సుతో కలిపితే చాలా బరువు, బాగా ఏటవాలుగా రావాలి. లిఫ్టు గొలుసుకి వాలు మార్చే లివరు లేకపోతే ఒంటరిగా ప్రయత్నించొద్దు. ముందే గేర్‌బాక్సు ఆయిలు తీసెయ్యండి, లేకపోతే వాల్చగానే తోక నుంచి మొత్తం నేల మీదికి వస్తుంది.

గేర్‌బాక్సు, ఓవర్‌డ్రైవు ఒకే ఆయిలు పంచుకుంటాయి. ఇందులో ఇంజను ఆయిలే పోయాలి, 20డబ్ల్యూ-50. హైపాయిడ్ ఈపీ-90 (గేర్ ఆయిలు) వెనక యాక్సిలుకి మాత్రమే.

5 నుంచి 9వ వారం: సిల్లులు

ఇంజను విడిభాగాలు లేత్ షాపులో ఉండగా బాడీ పని. డైరీలో ఎక్కువ పేజీలు దీనికే పోయాయి.

ఒక్కో పక్క సిల్లు మూడు రేకుల పెట్టె: బయటి సిల్లు, మధ్యలో నిలువు రేకు, లోపలి సిల్లు. కింద కాజిల్ రెయిలు. బయటి సిల్లు మనకి తలుపు కిందే కనిపిస్తుంది కానీ నిజానికి ముందు రెక్క వెనక భాగం లోపలికీ, వెనక రెక్క అడుగు లోపలికీ పోతుంది. అందుకే సరిగ్గా మార్చాలంటే ముందు రెక్క విప్పాలి (బోల్టులే), వెనక రెక్క అడుగు ముక్క కోయాలి (వెల్డు). తొడుగు వేసేవాళ్లు ఎగ్గొట్టే పని ఇదే.

కోసేముందు తలుపు చట్రానికి బ్రేసులు. 25 మి.మీ. చదరపు గొట్టం, కీళ్ల వైపు స్తంభం నుంచి లాచ్ వైపు స్తంభానికి రెండు అడ్డంగా, ఒకటి ఐమూలగా. తలుపు ఉన్నప్పుడే చుట్టూ సందు ఎంతుందో ప్రతి 10 సెంటీమీటర్లకీ ఫీలర్ గేజితో కొలిచి, ఆ అంకెలు టేపు మీద రాసి తలుపుకే అంటించాం. కారుని చక్రాల మీద గానీ, యాక్సిలు, ముందు క్రాస్ మెంబరు కింద స్టాండ్ల మీద గానీ నిలపాలి. బాడీ మధ్యలో స్టాండు పెట్టి సిల్లు కోస్తే కారు అరటిపండులా వంగి, ఆ వంపుతోనే వెల్డవుతుంది.

ఒక పక్క పూర్తిగా ముగించాకే రెండో పక్క ముట్టుకోవాలి.

పాత స్పాట్ వెల్డులు 8 మి.మీ. స్పాట్ డ్రిల్లుతో విప్పాం. లోపల నిలువు రేకు కింద మూడో వంతు పొట్టు పొట్టుగా రాలింది, పైభాగం మెరుస్తోంది. సిల్లులో నీళ్లు పోయే రంధ్రాలు బురదతో పూడుకుంటే జరిగేది ఇది. ముందు చక్రం ఎగజిమ్మిన బురద రెక్క అడుగున చేరుతుంది, అక్కణ్నుంచి తడి సిల్లులోకి దిగుతుంది.

కొత్త రేకులకి అంచున 6 మి.మీ. రంధ్రాలు, 30 మి.మీ.కి ఒకటి, జింకు వెల్డు ప్రైమరు పూసి మిగ్ ప్లగ్ వెల్డు (ఆ రంధ్రాలు నింపే వెల్డు). 0.6 మి.మీ. తీగ. వరసగా వెల్డు చేస్తూ పోవద్దు. ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకటి మధ్యలో, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మళ్లీ. ముందు క్లాంపులతో బిగించి, తలుపు ఎక్కించి, టేపు మీది అంకెలతో పోల్చి, అప్పుడే చివరి వెల్డు. కుడిపక్క మొదటిసారి బిగించినప్పుడు తలుపు వెనక పైమూలలో సందు 4 మి.మీ. నుంచి 2కి తగ్గింది. కాజిల్ రెయిలు 3 మి.మీ. ముందుకి కూర్చుంది, అదే కారణం. క్లాంపులు విప్పి సర్దితే అంకె తిరిగి వచ్చింది. వెల్డు అయ్యాక తెలిసి ఉంటే మొత్తం కోయాల్సి వచ్చేది.

రంగు వేశాక సిల్లు లోపలికి కేవిటీ వ్యాక్సు. నీళ్ల రంధ్రాల్లోంచి అది కారేదాకా కొట్టాలి. ఆ తర్వాత రంధ్రాలు తీగతో మళ్లీ తెరవాలి.

6వ వారం: లేత్ షాపు నుంచి కొలతలు

ఇంజను విప్పిన తీరులో ఒక్క సంగతి చెప్పాలి. బీ-సిరీస్ హెడ్డుకి 11 నట్లు. రాకర్ షాఫ్టు నాలుగు పీఠాలూ అందులో నాలుగింటినే పంచుకుంటాయి. రాకర్ షాఫ్టు ఒక్కటే తీస్తాననుకుని ఆ నాలుగు వదులు చేస్తే హెడ్డు ఒక పక్కే లేచి వంగుతుంది, గ్యాస్కెట్ నుంచి నీళ్లు కారతాయి. కూలెంట్ తీసేసి, 11 నట్లనూ వరస ప్రకారం కొద్దికొద్దిగా వదులు చేయాలి. అంబాసిడర్ మెకానిక్కులకి ఇది కొట్టిన పిండే.

బోర్లు నాలుగూ పైభాగంలో అరిగి గిన్నెలా ఉన్నాయి, 2, 3 ఎక్కువ. 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సరిపోతుందేమో అనుకున్నాం, 3వ బోరులో గీత పోలేదు. 40 థౌకి వెళ్లాం, అంటే 81.28 మి.మీ., 1845 సీసీ. 60 థౌకి కూడా పిస్టన్లు దొరుకుతాయి (1868 సీసీ), కానీ ఆ తర్వాత గోడ పల్చబడిపోతుంది. రాబోయే యజమానికి ఒక రీబోరు మిగల్చడం ధర్మం.

క్రాంకు 10 థౌ గ్రైండింగు, కొత్త షెల్లు బేరింగులు. పగుళ్ల పరీక్షలో క్రాంకు నిలిచింది. హెడ్డు నిలవలేదు. 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్‌లకి మధ్యలో ఒకే పోర్టు, వేడంతా అక్కడే చేరుతుంది. 3వ ఎగ్జాస్ట్ సీటు దగ్గర సన్నటి పగులు. వేరే హెడ్డు తెచ్చి, పరీక్ష చేయించి, నాలుగు ఎగ్జాస్ట్‌లకీ గట్టి సీట్లు దిగగొట్టించాం. బ్రిటన్‌లో 2000 జనవరితో లెడ్ పెట్రోలు పోయింది. లెడ్ లేని పెట్రోలుతో హైవేల మీద మెత్తటి ఇనప సీట్లు లోపలికి అరుగుతాయి, ట్యాపెట్ సందు తగ్గిపోతూ వస్తుంది. 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 (10 శాతం దాకా ఇథనాలు) కాబట్టి పాత రబ్బరు గొట్టాలన్నీ తీసి ఇథనాలు తట్టుకునేవి వేశాం.

10వ వారం: కట్టడం, మొదటి స్టార్టు

మెయిన్ క్యాపులు 95 న్యూటన్ మీటర్లు, బిగ్ ఎండ్ 47 నుంచి 54, హెడ్డు నట్లు 61 నుంచి 68, మూడు దఫాలుగా. క్రాంకు థ్రస్టు వాషర్లు మధ్య బేరింగు దగ్గరే. ఒక్కో బేరింగు బిగించిన ప్రతిసారీ క్రాంకు చేత్తో తిప్పి చూశాం. టైమింగు చైను డబుల్ వరస, రెండు పళ్ల చక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా.

క్యామ్ కొత్తది వేస్తే ట్యాపెట్లూ కొత్తవే వేయాలి. ఒకదాని మీద అరిగింది ఇంకోదాని మీద పెడితే క్యామ్ మొదటి అరగంటలోనే పోతుంది. ఇప్పుడొచ్చే ట్యాపెట్లలో మెత్తటివి తగులుతున్నాయి, గట్టిదనం పరీక్ష చేయించాకే లోపల పెట్టాం. ట్యాపెట్ కవర్ల కార్క్ గ్యాస్కెట్లు గట్టిగా బిగిస్తే రేకు వంగి అక్కడే ఆయిలు చెమరుస్తుంది. రేకు అంచు బల్ల మీద చదును చేసి, గ్యాస్కెట్ కాస్త నొక్కుకునేంతే బిగించాం.

వాల్వు సందు చల్లగా 0.015 అంగుళం. ప్లగ్గులు 0.025, పాయింట్లు 0.015. ఫైరింగు ఆర్డరు 1-3-4-2. రెండు ఎస్‌యూ హెచ్ఎస్4 కార్బురేటర్లకి థ్రాటిల్ షాఫ్టులు అరిగి పక్కనుంచి గాలి పీలుస్తున్నాయి, అందుకే బుష్షులు వేయించాం. ఇది చేయకుండా ఐడిల్ ట్యూన్ చేయబోతే ఎంతసేపు తిప్పినా నిలవదు.

ఇంజను బయట ఉన్నప్పుడే క్లచ్చు ప్లేటు, ప్రెషరు ప్లేటు, కార్బన్ రిలీజు బేరింగు, స్పిగాట్ బుష్షు (గేర్‌బాక్సు ముందు షాఫ్టు కొస కూర్చునేది) అన్నీ కొత్తవి. వీటిలో ఒక్కటి పాతది మిగిలినా దాని కోసం మళ్లీ ఇంజను దించాలి.

20డబ్ల్యూ-50 ఆయిలు, జింకు ఎక్కువున్న రకం. ప్లగ్గులు తీసి స్టార్టరుతో తిప్పితే పదిహేను సెకన్లకి గేజి ముల్లు కదిలింది, 40 దాటింది. ప్లగ్గులు పెట్టి స్టార్టు చేసి, ఐడిల్‌కి రానీయకుండా నేరుగా 2000 నుంచి 2500 మధ్య 20 నిమిషాలు నడిపాం. క్యామ్‌కి ఆయిలు చిందేది ఆ వేగంలోనే.

వేడెక్కాక అంకెలు: ఐడిల్‌లో 22 పీఎస్ఐ, 3000 దగ్గర 62. నీలి పొగ లేదు. వెనక ట్యాపెట్ కవరు దగ్గర ఒక తడి చార, బోల్టు పావు తిప్పు వదిలితే ఆగింది. ఆయిలు, ఫిల్టరు మార్చాం. పాత ఆయిల్లో అయస్కాంతానికి సన్నటి బూడిద రంగు పేస్టు తప్ప ముక్కలేమీ తగల్లేదు.

మిగిలినవి: 800 కిలోమీటర్లయ్యాక హెడ్డు నట్లు మళ్లీ టార్కు పట్టి వాల్వు సందు చూడాలి. ముందు కింగ్ పిన్ల గ్రీజు నిపిళ్లలో రెండు పూడుకున్నాయి, అవి మార్చాలి. వైరు వీల్స్ స్ప్లైన్లు (చక్రం, హబ్బు ఒకదానికొకటి పట్టుకునే పళ్లు): హ్యాండ్ బ్రేకు లాగి వెనక చక్రం ముందుకీ వెనక్కీ ఊపితే ఎడమ పక్క టక్కుమంటోంది, ఆ హబ్బు, చక్రం రెండూ కలిపే మార్చాలి. ఓవర్‌డ్రైవు సొలెనాయిడ్ బల్ల మీద పనిచేసింది. 3, 4 గేర్లలో రోడ్డు మీద పట్టుకుంటుందో లేదో వచ్చే వారం చూడాలి.